గ్రాఫిక్స్ కార్డు లేని గేమింగ్ పీసీ: రెండో ర్యామ్ చేసిన తేడా

రైజెన్ 5 5600జీ ప్రాసెసర్‌కి ఎన్ని కోర్లు, ఎంత స్పీడు అన్నవి అందరికీ తెలిసినవే, అవి వదిలేస్తున్నా. మానిటర్‌తో కలిపి ₹40,000 దాటకూడదని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆ డబ్బులో విడిగా కార్డు రాదు కాబట్టి, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ఈ ప్రాసెసర్ తీసుకున్నాను. కడప ఎండలు కూడా చూసేసింది ఈ పీసీ. ఇన్నాళ్లు వాడాక దీని గురించి గట్టిగా చెప్పగలిగింది ర్యామ్ సంగతే.

కొత్తలో జీటీఏ ఫైవ్ ఆట ఎక్కించాను. నడిచి తిరిగినంతసేపు బాగానే ఉండేది. కారెక్కి స్పీడు పెంచితే చాలు, రోడ్డు ఆగి ఆగి వచ్చేది. ముందు బిల్డింగు గుద్దుకునేవాణ్ణి, తర్వాత అది కనపడేది. ఫుల్ హెచ్‌డీలో సెట్టింగులన్నీ నార్మల్‌కు దించినా సెకనుకు 40 ఫ్రేములు గగనమే. "దీనికి కార్డు వేయాల్సిందే" అన్నాడు అమ్మిన షాపతను. సరేనని నెలనెలా కొంత పక్కన పెట్టడం మొదలుపెట్టాను.

సంక్రాంతికి బెంగళూరు నుంచి మా చిన్నాన్న కొడుకు వచ్చాడు. ఆట వైపు చూడనే లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి మెమరీ మీద నొక్కాడు. "అన్నా, స్లాట్లు రెండుంటే ఒకటే వాడినారు. 3200 స్పీడు ర్యామ్ 2666లో నడుస్తాంది. నీకు కార్డు కాదు, ర్యామ్ రెండు ముక్కలు కావాల" అన్నాడు.

విడి కార్డుకైతే సొంత మెమరీ ఉంటుంది. ఈ లోపలి గ్రాఫిక్స్‌కు అది లేదు, ప్రతిదానికీ ర్యామ్ దగ్గరికే పోవాలి. 3200 ర్యామ్ ఒక్కటే ఉంటే డేటా రాకపోకలు మహా అయితే సెకనుకు 25.6 జీబీ దగ్గర ఆగిపోతాయి, రెండు స్లాట్లలో రెండుంటే 51.2. అంటే నా గ్రాఫిక్స్ మొదటి రోజు నుంచీ అర్ధాకలితో ఉందన్నమాట. కార్డు లేదని తెలిసి కూడా షాపులో 16 జీబీ ఒకే ముక్కగా వేసిచ్చారు, "రేపు ఇంకోటి వేసుకోవచ్చులే" అని. మార్చమని అడిగితే బిల్లయ్యాక కుదరదన్నారు. ఆ కోపం నాకింకా పోలేదు.

తర్వాత వచ్చినప్పుడు మావాడు బెంగళూరు ఎస్పీ రోడ్డులో రెండు 8 జీబీ ర్యామ్‌లు కొనుక్కొచ్చాడు. నా 16 వాడు తీసుకున్నాడు. రెండూ టక్కుమని కూర్చోబెట్టి, పీసీ మూల సెట్టింగులుండే బయోస్‌లోకి వెళ్లి, ర్యామ్‌ను దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాడు. ర్యామ్ మొత్తం అదే 16, ఆట అదే, సెట్టింగులూ అవే. ఫ్రేములు మాత్రం 60 దాటాయి. కారు ఎంత స్పీడులో పోయినా రోడ్డు తెగలేదు. ఆ రాత్రి మిషన్లు పక్కన పెట్టి, ఊరికే హైవే మీద తిరిగాను.

ఆ ఊపులో కనపడిన ప్రతివాడికీ కార్డు దండగని చెప్పాను. ఇప్పుడైతే అంత గట్టిగా అనను. సైబర్‌పంక్ లాంటి బరువైన ఆటలు, ఫుల్ హెచ్‌డీ కంటే తక్కువైన 720పీకి దిగితే తప్ప ఆడేట్టు లేవు. పోనీ చవక కార్డేదైనా తగిలిద్దామంటే కార్డుకూ ప్రాసెసర్‌కూ మధ్య దారి అయిన పీసీఐఈలో ఈ ప్రాసెసర్ పాత 3.0 దగ్గరే ఆగింది, 6500 ఎక్స్‌టీ లాంటి, ఆ దారిలో నాలుగు లేన్లే వాడుకునే కార్డులకు అక్కడ దెబ్బ పడుతుంది. మే నెల మధ్యాహ్నం ఆడితే దీంతో వచ్చిన కూలర్ మోత పక్క గదిలోకి వినపడుతుంది. కరెంటు తక్కువ లాగడం మాత్రం నాకు బాగా కలిసొచ్చింది. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెట్టాక, కరెంటు పోయినా ఆట ఆగడం లేదు.

పాప పడుకున్నాక గంటసేపు వాలరెంట్, సెలవు రోజు జీటీఏ ఆడే నాకు ఇది చాలు. కొత్త ఆటలే కావాలనే మా బావమరిదికి మాత్రం ఇది కొనమని చెప్పలేదు. పైగా 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎగబాకాయి, నా లెక్క ఇప్పుడు అదే డబ్బులో కుదరకపోవచ్చు. తగ్గించుకోక తప్పకపోతే ఎస్‌ఎస్‌డీ చిన్నది తీసుకోండి, ర్యామ్ మాత్రం రెండు ముక్కలుగానే అడగండి.