ప్రోక్లోర్‌పెరజైన్ మాత్ర: వాంతులు ఆగుతాయి, కానీ మందు పనిచేసేది మెదడు మీద

మైగ్రేన్ తలనొప్పితో పాటు వచ్చే వాంతులకు డాక్టర్ నాకు ప్రోక్లోర్‌పెరజైన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు రాశారు. 1950ల నుంచి వాడుకలో ఉన్న ఈ మందు స్టెమెటిల్, కాంపజైన్ అనే పేర్లతో చాలామందికి తెలుసు. వికారాన్ని తగ్గించడం వరకే చూస్తే దీనికి మంచి మార్కులే వేస్తాను. గంట గడిచేలోపు కడుపులో తిప్పడం తగ్గి, తాగిన నీళ్లు నిలిచాయి. దాని వెంటే మగత, నోరు ఎండిపోవడం కూడా వచ్చాయి; మంచం మీద నుంచి గబుక్కున లేచినప్పుడు రక్తపోటు పడిపోయి కళ్ల ముందు చీకట్లు కమ్మాయి. ఈ మందు తన ఒంటికి ఎంత మగత తెస్తుందో తెలిసేవరకు ఎవరైనా సరే బండి నడపకపోవడం, మద్యం ముట్టకపోవడం మంచిది.

చాలామంది దీన్ని కడుపు మాత్ర అనుకుంటారు. నిజానికి ఇది మెదడు మీద పనిచేసే ఫినోథయాజీన్ అనే మందుల తరగతికి చెందినది. స్కిజోఫ్రీనియా వంటి మానసిక వ్యాధులకు వాడేదీ ఇదే. మెదడులో వాంతిని ప్రేరేపించే చోట డోపమైన్ అనే సంకేత రసాయనాన్ని అడ్డుకోవడం వల్ల వికారం తగ్గుతుంది. అదే అడ్డు కదలికలను నియంత్రించే భాగాల్లో కూడా పడితే, ముఖ్యంగా పిల్లల్లో, యువతీయువకుల్లో, మందు మొదలుపెట్టిన తొలి రోజుల్లోనే మెడ ఒక పక్కకు లాగేయడం, దవడ బిగుసుకుపోవడం, కనుగుడ్లు పైకి తిరిగి అలాగే నిలిచిపోవడం జరగవచ్చు. చూసేవారు మూర్ఛ అనుకుని హడలిపోతారు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లి ఏ మాత్ర వేసుకున్నారో చెబితే, డైఫెన్‌హైడ్రమిన్ వంటి ఇంజెక్షన్‌తో సాధారణంగా త్వరగానే సర్దుకుంటుంది.

నా దృష్టిలో ఇంతకన్నా మోసకారి లక్షణం మరొకటి ఉంది. కొందరికి ఒకచోట కూర్చోలేని అసహనం పుడుతుంది: కాళ్లు ఆడిస్తూనే ఉంటారు, లేచి నాలుగడుగులు వేస్తారు, కూర్చుని మళ్లీ లేస్తారు. ఇది మందు తెచ్చినదని తెలియక ఆందోళన అనుకుంటారు. ఈ మందును కొన్నిసార్లు ఆందోళనకూ రాస్తారు కాబట్టి, తగ్గుతుందేమోనని మరో మాత్ర వేసుకుని దాన్ని ఇంకా పెంచుకునే ప్రమాదం ఉంది. పెట్టెలో వచ్చే సూచనల కాగితంలో ఈ విషయం ఉంటుంది కానీ, ఆ అక్షరాలు భూతద్దానికి కూడా పరీక్షే.

పెద్దలకు వికారం కోసం మామూలుగా 5 లేదా 10 మిల్లీగ్రాములు రోజుకు మూడు నాలుగుసార్లు ఇస్తారు. రోజు మొత్తం 40 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆందోళనకైతే రోజుకు 20 మిల్లీగ్రాములు, 12 వారాలు అన్నవి హద్దులు. మాత్ర మరిచిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేసుకోకూడదు. మింగిన మాత్ర కడుపులో నిలవనివారికి పై పెదవికి, చిగురుకు మధ్య పెట్టుకుని కరగనిచ్చే 3 మిల్లీగ్రాముల రకం కూడా ఉంది. ప్రయాణంలో వచ్చే వాంతులకు మాత్రం ఇది అంతగా పనికిరాదు.

రెండేళ్ల లోపు పిల్లలకు, 9 కిలోల కన్నా తక్కువ బరువున్నవారికి దీన్ని ఇవ్వకూడదు. మతిమరుపు జబ్బుతో మానసిక లక్షణాలు కనబరిచే వృద్ధుల్లో ఈ తరగతి మందులు మరణాల ముప్పును పెంచుతాయని అమెరికాలో సూచనల కాగితం మీద పెట్టె కట్టి మరీ హెచ్చరిక ముద్రిస్తారు. పార్కిన్సన్స్ ఉన్నవారికి వణుకు, బిగుసుకుపోవడం ఎక్కువవుతాయి. నిద్రమాత్రలు, మార్ఫిన్ వంటి నొప్పి మందులు, మెటోక్లోప్రమైడ్ అనే మరో వాంతుల మందు వాడుతున్నవారు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. పేగు అడ్డుపడడం, మెదడులో గడ్డ వంటి జబ్బుల్లో వాంతి ఒక సూచన. కారణం తేలకముందే దాన్ని ఆపేస్తే అసలు జబ్బు మరుగున పడిపోతుంది. అందుకే ఎప్పుడో మిగిలిన స్ట్రిప్‌ను ఇంట్లో ఇంకొకరికి ఇవ్వడం నాకు నచ్చని పని.

ఈ మందు వాడుతున్నప్పుడు తీవ్రమైన జ్వరంతో ఒళ్లు కొయ్యబారి, చెమటలు పట్టి, మాట తడబడితే అది ప్రాణాపాయ స్థితి. ఒక్క క్షణం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. గొంతు నొప్పితో జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి.

కళ్లు తిరగడానికని మొదలుపెట్టి, అలవాటుగా నెలల తరబడి వాడేవారి గురించే నాకు ఎక్కువ బెంగ. దీర్ఘకాలం వాడితే నాలుక, పెదవులు వాటంతట అవే కదిలే రుగ్మత రావచ్చు. మందు మానినా అది పోకపోవచ్చు. అలా వాడుతున్నవారు చేతిలో వణుకు గానీ, నడకలో మందగింపు గానీ కనిపిస్తే దాన్ని వయసు ఖాతాలో వేయకుండా, డాక్టర్ దగ్గర ముందుగా ఈ మాత్ర పేరే చెప్పాలి.