గణితమా, స్టాటిస్టిక్సా, రెండూ కలిపిన డిగ్రీయా: ఏది మేలు?

పోయిన వారం మా పిన్ని కూతురు ఫోన్ చేసి, "అక్కా, ఫారంలో మూడు ఆప్షన్లున్నాయి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, మ్యాథ్స్ అండ్ స్టాటిస్టిక్స్. దేనికి టిక్ పెట్టమంటావ్?" అని అడిగింది. గంటన్నర మాట్లాడాను. ఫోన్ పెట్టేశాక కూడా చెప్పాల్సింది ఇంకా మిగిలిపోయిందనిపించి ఇది రాస్తున్నాను. నేను డిగ్రీలో మొత్తం గణితమే చదివి పీజీకి స్టాటిస్టిక్స్‌కి మారినదాన్ని, కాబట్టి రెండిళ్ల గుట్టూ కొంత తెలుసు, పక్షపాతమూ కొంత ఉంటుంది, అది ముందే ఒప్పేసుకుంటున్నా.

మొదటి సంవత్సరం సిలబస్ చూసి ఏదీ తేల్చుకోవద్దు. చాలా యూనివర్సిటీల్లో మొదటి ఏడాది మూడింటికీ దాదాపు ఒకటే ఉంటుంది: కాలిక్యులస్, లీనియర్ ఆల్జీబ్రా, కొంచెం ప్రాబబిలిటీ, కాస్త ప్రోగ్రామింగ్. దారులు చీలేది రెండో ఏడాదిలో. అందుకే సీనియర్లు దొరికితే "కోర్సు బావుందా?" అని అడగకండి, అందరూ బావుందనే అంటారు. రెండో ఏడాదిలో ఒక మామూలు వారం ఎలా గడిచింది, ఆదివారం రాత్రి కూర్చుని ఏం చేశారు అని అడగండి.

గణితం చదివేవాళ్ల ఆదివారం రాత్రి ఎలా ఉంటుందంటే, ముందు ఒక కాగితం, దాని మీద ఒకే ఒక్క వాక్యం, దాన్ని నిరూపించాలి. లెక్క ఇచ్చి జవాబు అడగడం స్కూలుతోనే అయిపోయింది, ఇక్కడ జవాబు వాళ్లే చెప్పేసి, అది ఎందుకు నిజమో మిమ్మల్ని చెప్పమంటారు. స్కూల్లో వందకి వంద తెచ్చుకున్నవాళ్లు కూడా ఇక్కడ బోర్లా పడతారు, ఎందుకంటే అక్కడ గెలిపించింది వేగం, ఇక్కడ కావాల్సింది మూడు గంటలు ఏమీ తోచకపోయినా కుర్చీలోంచి లేవకుండా ఉండే ఓపిక. నాకు మొదటి రియల్ అనాలిసిస్ (కాలిక్యులస్‌నే ప్రూఫ్‌లతో మళ్లీ మొదటినుంచి కట్టే సబ్జెక్టు) పరీక్షలో ముప్పైకి ఏడు వచ్చాయి. ఎప్సిలాన్, డెల్టా అని రెండు గ్రీకు అక్షరాలు పెట్టుకుని, "ఈ గ్రాఫ్ ఎక్కడా తెగలేదు" అని కంటితో చూసి చెప్పగలిగే మాటకి అంత తతంగం ఎందుకని తెగ విసుక్కున్నాను. తర్వాత 1872లో వైర్‌స్ట్రాస్ చూపించిన ఫంక్షన్ గురించి చదివాను. అది ఎక్కడా తెగదు, అయినా ఏ ఒక్క బిందువు దగ్గరా దాన్ని డిఫరెన్షియేట్ చేయలేం. అలాంటిదాన్ని మనసులో ఊహించుకోవడం కూడా కష్టమే, బొమ్మ గీయడం సంగతి సరేసరి. బొమ్మ చూసి నమ్మేసే అలవాటు నాకు ఆ దెబ్బతో పోయింది.

ఇదంతా దేనికి పనికొస్తుంది అని ఇంట్లోవాళ్లు ఎలాగూ అడుగుతారు. ఫెర్మా 1640లో ఒక ఉత్తరంలో రాసిన చిన్న సిద్ధాంతం, 1977లో ఆర్‌ఎస్‌ఏ అనే ఎన్‌క్రిప్షన్‌లో, అంటే సందేశాల్ని రహస్యంగా మార్చి పంపే పద్ధతిలో, పనికొచ్చింది. మూడు వందల ముప్పై ఏడేళ్లు పట్టింది, అంతవరకూ ఆగమని ఇంట్లో చెప్పండి.

ఇక స్టాటిస్టిక్స్. సగటు, మధ్యగతం, బాహుళకం, కాసిని బార్ చార్టులు, ఇంతే కదా, సులువుగా మార్కులొస్తాయి అనుకుని చేరేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. వాళ్లకి రెండో ఏడాదిలో లైక్లీహుడ్ ఎదురవుతుంది, చేతిలో ఉన్న డేటాకి ఏ అంచనా బాగా సరిపోతుందో కాలిక్యులస్‌తో తేల్చే లెక్క అది. కాలిక్యులస్ రాకపోతే స్టాటిస్టిక్స్ డిగ్రీలో సగం పేపర్లు అర్థం కావు. కాబట్టి "గణితం అంటే భయం, అందుకే స్టాటిస్టిక్స్" అనేది అన్నిటికంటే చెడ్డ కారణం.

రెండిటి తేడా నాకు బాగా తెలిసొచ్చింది ఒకే విషయం రెండు క్లాసుల్లో విన్నప్పుడు. లీస్ట్ స్క్వేర్స్ అని ఒక పద్ధతి ఉంది, చెల్లాచెదురుగా ఉన్న చుక్కల మధ్య నుంచి వాటికి వీలైనంత దగ్గరగా పోయే గీత గీయడం. 1805లో లెజాండ్ర్ అచ్చు వేయించాడు, 1809లో గౌస్ తనూ రాసి, ఇది నేను ఎప్పటినుంచో వాడుతున్నానన్నాడు, ఆ తగాదా అలా ఉంచండి. గణితం క్లాసులో ఇది ఒక వెక్టర్‌ని ఒక సబ్‌స్పేస్ మీదికి లంబంగా దించడం. ఒక బొమ్మ, నాలుగు పంక్తుల ప్రూఫ్, ఎంత ముచ్చటగా ఉందో అనుకుని పేజీ తిప్పేస్తారు. స్టాటిస్టిక్స్ క్లాసులో అసలు కథ అక్కడే మొదలవుతుంది. ఈ గీతని ఎంతవరకు నమ్మొచ్చు? రేపు వేరే ఇరవై మందిని కొలిస్తే ఇది ఎంత జరుగుతుంది? దూరంగా ఉన్న ఆ ఒక్క చుక్కా గీతనంతా తనవైపు లాగేసుకుంటోందా? అసలు ఈ డేటాకి గీత గీయొచ్చా? 1973లో ఆన్స్‌కోంబ్ అనే ఆయన నాలుగు చిన్న డేటా సెట్లు తయారుచేశాడు, ఒక్కోదాంట్లో పదకొండు చుక్కలు. సగటులు, విస్తృతులు, సహసంబంధం, చివరికి గీత కూడా నాలుగిటికీ దాదాపు ఒకటే వస్తాయి. గ్రాఫ్ వేస్తే మాత్రం ఒకటి మామూలుగా చెదిరి ఉంటుంది, ఒకటి వంపు తిరిగి ఉంటుంది, ఒకటి సరళరేఖే గానీ అందులో ఒక చుక్క ఎక్కడికో ఎగిరిపోయింది, నాలుగోదాంట్లో ఒక్కటి తప్ప అన్నీ ఒకే నిలువు వరసలో నిలబడి ఉంటాయి. అక్కడేమో బొమ్మని నమ్మొద్దని మూడేళ్లు మొత్తుకున్నారు, ఇక్కడికొస్తే బొమ్మ గీయకుండా అంకెని నమ్మొద్దని మొదటి వారంలోనే తిట్టారు. రెండూ నిజమే కావడం నాకిప్పటికీ తమాషాగా ఉంటుంది.

స్టాటిస్టిక్స్ వాళ్ల ఆదివారం రాత్రి ఎక్కువగా కంప్యూటర్ ముందు గడుస్తుంది. ఆర్‌లోనో పైథాన్‌లోనో కోడ్ రాయడం, అది ఎర్రర్ ఇస్తే తల పట్టుకోవడం, ఆ తర్వాత నాలుగు పేజీల రిపోర్ట్. రాయడం రానివాళ్లకి ఇది పెద్ద టెన్షన్, చేరేముందు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పైగా జవాబు ఎప్పుడూ ఖచ్చితంగా రాదు, "ఈ ఊహలు సరైనవైతే, బహుశా, ఇంత నుంచి ఇంత వరకు" అని వస్తుంది. ఒక ప్రూఫ్ పూర్తయ్యాక కలిగే తృప్తి కోసం చూసేవాళ్లకి ఇది ఉప్పులేని కూరలా ఉంటుంది. ఇంకొంతమందికి సరిగ్గా ఇదే నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ ప్రతి ప్రశ్న వెనకా ఎవరికో ఒక అవసరం ఉంటుంది. టీ-టెస్ట్‌నే చూడండి, కొద్ది కొలతల సగటుని పరీక్షించే పద్ధతి అది, 1908లో దాన్ని కనిపెట్టిన గాసెట్ గిన్నెస్ అనే బీరు కంపెనీలో ఉద్యోగి. చేతిలో నాలుగైదు కొలతలే ఉంటే వాటి సగటుని ఎంత నమ్మొచ్చు అన్నది ఆయనకి రోజూ ఎదురయ్యే తలనొప్పి. కంపెనీ ఉద్యోగులు సొంత పేరుతో అచ్చు వేయించకూడదని రూలు ఉండటంతో "స్టూడెంట్" అనే పేరు పెట్టుకున్నాడు, ఆ పేరే టెస్ట్‌కి ఉండిపోయింది.

తరచూ వినే సలహా ఒకటుంది: గణితం చేస్తే తర్వాత ఎటైనా వెళ్లొచ్చు, స్టాటిస్టిక్స్ చేస్తే వెనక్కి రాలేవు అని. ఇందులో నిజముంది. పీజీలో స్టాటిస్టిక్స్ విభాగాలు గణితం చదివినవాళ్లని సాధారణంగా తీసుకుంటాయి. గణితం పీజీ మాత్రం అనాలిసిస్, ఆల్జీబ్రా ప్రూఫ్‌లతో సహా వచ్చి ఉండాలంటుంది, అవి స్టాటిస్టిక్స్ డిగ్రీల్లో తరచూ ఉండవు. పెద్దవాళ్ల ఉదాహరణలూ కావలసినన్ని ఉన్నాయి. సి.ఆర్.రావు గారు ముందు గణితంలో ఎంఏ చేసి ఆ తర్వాతే స్టాటిస్టిక్స్‌కి వచ్చారు, 1945లో పాతికేళ్ల వయసులో అచ్చయిన ఒక్క పేపర్లోనే క్రామర్-రావు హద్దు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఉన్నాయి, అంచనాలు ఎంత బాగా వేయొచ్చో చెప్పేవి అవి. స్టాటిస్టిక్స్‌లో మరో పెద్ద పేరు అబ్రహాం వాల్డ్, ఆయన డాక్టరేట్ జ్యామితిలో.

కానీ ఈ సలహాని పట్టుకుని ప్రూఫ్‌లంటే ఒళ్లు మండేవాళ్లు గణితంలో చేరడం నేను చూశాను. ఎప్పుడో తెరుచుకునే తలుపు కోసం మూడేళ్లు ఇష్టంలేని గదిలో కూర్చోవడం అది. సగం మంది మార్కులు పోగొట్టుకుంటారు, మార్కులు పోయాక ఆ తలుపూ తెరుచుకోదు. పైగా అటు మారడం చెప్పుకున్నంత సాఫీగా ఏమీ ఉండదు. నా మొదటి పీజీ ప్రాజెక్టులో వయసు తెలియనివాళ్లందరికీ 999 అని నింపి ఉంది, డేటాలో అది మామూలే, పక్కనే ఉన్న కాగితంలో రాసి కూడా ఉంది. నేను సగటు వయసు 112 అని రాసి, దాని మీద ఒక పేరా వ్యాఖ్యానం కూడా చేసి ఇచ్చేశాను. డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ చదివిన నా పక్క సీటు అమ్మాయి డేటా తెరవగానే ముందు చేసేది కనిష్ఠం, గరిష్ఠం చూడటం. అది ఏ సిద్ధాంతంలోనూ ఉండదు, చేసి చేసి రావాల్సిందే.

మరి రెండూ కలిపిన డిగ్రీ? ఎటూ తేల్చుకోలేనివాళ్లకి నా ఓటు దీనికే, కాకపోతే ఒక షరతుతో. కొన్నిచోట్ల ఇది నిజంగా రెండిట్లోనూ గట్టి పేపర్లు పెట్టి తయారుచేసింది, కొన్నిచోట్ల రెండిట్లోనూ కష్టమైనవి తీసేసి మిగిలినవాటిని కుట్టిన బొంత. పేరు చూస్తే తెలియదు, తప్పనిసరి పేపర్ల జాబితా చూడాలి. ప్రూఫ్‌లతో నడిచే రియల్ అనాలిసిస్ కనీసం ఒకటి, లీనియర్ ఆల్జీబ్రా రెండో పేపర్, కాలిక్యులస్ వాడే ప్రాబబిలిటీ, దాని మీద నిలబడే ఇన్ఫరెన్స్ (కొద్ది డేటా నుంచి మొత్తం గురించి చెప్పడం), రిగ్రెషన్ (ఇందాకటి గీత గీయడం లాంటిది), నిజమైన డేటాతో ఒక ప్రాజెక్టు. వీటిలో రెండు లేవంటే నేనైతే ఆ డిగ్రీ వదిలేసి, విడి డిగ్రీ తీసుకుని రెండో సబ్జెక్టులో ఆప్షనల్స్ నింపుకుంటాను.

గట్టిగా ఉన్నదైతే మాత్రం దాని లాభం వేరే. కౌషీ డిస్ట్రిబ్యూషన్ అని ఒకటుంది, చూడటానికి అచ్చం మామూలు గంట ఆకారంలాగే ఉంటుంది గానీ దానికి సగటు అనేదే లేదు. వెయ్యి పరిశీలనల సగటు తీసుకున్నా ఒక్క పరిశీలన ఎంత నిలకడ లేనిదో అదీ అంతే. డేటా పెరిగేకొద్దీ సగటు కుదుటపడుతుందని నమ్మినవాళ్లకి ఇది పెద్ద షాక్. ఎందుకలా అని నిరూపించడం గణితం వైపు పని, పది పంక్తుల కోడ్ రాసి ఆ సగటు తెర మీద పిచ్చిగా ఎగిరిపడటం చూడటం స్టాటిస్టిక్స్ వైపు పని. రెండూ ఒకే వారంలో చేసినవాళ్లు దాన్ని జన్మలో మర్చిపోరు. నేను ప్రూఫ్ డిగ్రీలో చేశాను, సిమ్యులేషన్ నాలుగేళ్ల తర్వాత చేశాను, మధ్యలో ఆ ప్రూఫ్ దేని గురించో కూడా మర్చిపోయాను. నష్టం కూడా ఉంది: తప్పనిసరి పేపర్లతోనే టైంటేబుల్ నిండిపోతుంది, టోపాలజీకో ఎకనామిక్స్‌కో బయాలజీకో చోటు ఉండదు. రెండు విభాగాలూ మీరు అవతలివాళ్ల పిల్లలనే అనుకుంటాయి, ప్రాజెక్టు గైడ్ కోసం తిరిగేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది.

డేటా సైన్స్ అనే నాలుగో పేరు కూడా ఈమధ్య అన్నిచోట్లా కనిపిస్తోంది. దానికీ అదే పరీక్ష, ప్రాబబిలిటీ, ఇన్ఫరెన్స్, లీనియర్ ఆల్జీబ్రా ఎన్ని పేపర్లున్నాయో లెక్కపెట్టండి. సాఫ్ట్‌వేర్ల పేర్లే ఎక్కువ కనిపిస్తే వద్దు, అవి మారిపోతూ ఉంటాయి. యాక్చువరీ (ఇన్సూరెన్స్ కంపెనీల్లో రిస్కు లెక్కలు కట్టేవాళ్లు) అవ్వాలనుకునేవాళ్లకి ఎలాగూ వృత్తి పరీక్షలు విడిగా రాయాలి, మూడు డిగ్రీల్లో ఏదైనా పనికొస్తుంది, స్టాటిస్టిక్స్ కొంచెం దగ్గర. ఉద్యోగాల విషయంలో ఒక్క మాటే చెప్తాను: "నీకేం వచ్చు?" అని అడిగితే స్టాటిస్టిక్స్ చదివినవాళ్ల దగ్గర చూపించడానికి ఒక ప్రాజెక్టు ఉంటుంది, గణితం చదివినవాళ్లు కోడింగ్ సొంతంగా నేర్చుకోకపోతే ఆ ప్రశ్న దగ్గర నీళ్లు నములుతారు.

ఇదంతా విన్నాక కూడా మా చెల్లి "అయితే నాకేది?" అనే అడిగింది. అప్పుడు రెండు లెక్కలు పంపాను, మీరూ చేసి చూసుకోవచ్చు. మొదటిది, రూట్ 2కి రూట్ 3 కలిపితే వచ్చేది కరణీయ సంఖ్యే అని నిరూపించాలి. రెండోది, 1986లో ప్రచురించిన కిడ్నీ రాళ్ల అధ్యయనంలోని అంకెలు: ఆపరేషన్ చేసిన 350 మందిలో 273 మందికి నయమైంది, చిన్న రంధ్రం చేసి రాళ్లు తీసిన 350 మందిలో 289 మందికి నయమైంది, ఏ చికిత్స మేలు? ఏది ముందు ముట్టుకుంటావో, దేని మీద ఎక్కువసేపు కూర్చుంటావో చూసుకో, జవాబులు నాకు అక్కర్లేదు అన్నాను.

రాత్రి పదకొండింటికి మెసేజ్ వచ్చింది. "అక్కా, ఎవరికి ఏ చికిత్స ఇవ్వాలో ఎవరు డిసైడ్ చేశారు?" అని. లేచి కూర్చున్నాను. రాళ్ల సైజు ప్రకారం విడగొట్టిన అంకెలు పంపాను: చిన్న రాళ్లలో ఆపరేషన్‌కి 87లో 81, రెండోదానికి 270లో 234. పెద్ద రాళ్లలో ఆపరేషన్‌కి 263లో 192, రెండోదానికి 80లో 55. విడివిడిగా చూస్తే రెండుచోట్లా ఆపరేషనే మెరుగు, కలిపి చూస్తే తలకిందులు, ఎందుకంటే కష్టమైన కేసులు ఎక్కువగా ఆపరేషన్‌కే వెళ్లాయి. అర్ధరాత్రి దాటేదాకా ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. మొదటి లెక్క సంగతేంటని అడిగితే, "వర్గం చేస్తే రూట్ 6 వస్తోంది, ఇక అక్కడితో తెలిసిపోతుంది కదా, వదిలేశా" అంది. ఆ "వదిలేశా" పట్టుకుని స్టాటిస్టిక్స్‌కి టిక్ పెట్టమని చెప్పేశాను. నిన్న ఫారం పంపేసిందట, రెండూ కలిపినదానికి, అనాలిసిస్ రెండో పేపర్ కూడా ఆప్షనల్‌గా తీసుకుంటానంటోంది.