హెచ్-2ఏ మీద బ్లూబెర్రీ కోతకు కూలీలు: చాలా సీజన్లు నడిపాక నా సమీక్ష

జార్జియా దక్షిణాన, ఆల్మా పక్కన, మా బావగారూ నేనూ కలిసి బ్లూబెర్రీ తోట చేస్తున్నాం. తోట ఆయన చూసుకుంటారు, కాగితాల పని నాది. అమెరికాలో పొలం కొందామనుకునే మనవాళ్లు ఈ మధ్య చాలామంది ఫోన్ చేస్తున్నారు, అందరూ ముందుగా అడిగేది కోతకు కూలీలు ఎలా అని. తర్వాత హెచ్-2ఏ, అంటే విదేశాల నుంచి పొలం పనికి తాత్కాలికంగా కూలీలను తెచ్చుకునే అమెరికా వీసా, పనిచేస్తుందా అని. పనిచేస్తుంది. అది లేకపోతే మా తోటలో సగం కాయ చెట్టు మీదే మగ్గిపోయేది. అయితే చేతిలో డబ్బు, ఉంచడానికి ఇళ్లు, జనవరి నుంచే తేదీలు చూసుకునే మనిషి ఒకరు ఉంటేనే దీని జోలికి వెళ్లండి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా నష్టపోతారు, మీతోపాటు వచ్చిన కూలీలూ నష్టపోతారు.

ముందు ఇదేంటో చెప్తాను. 1986 వలస చట్టం పాత హెచ్-2 వీసాను రెండుగా చేసింది, వ్యవసాయానికి 2ఏ, మిగతా తాత్కాలిక పనులకు 2బీ. 2బీకి ఏడాదికి 66,000 అనే పరిమితి ఉంది, 2ఏకి అలాంటి పరిమితి లేదు. అందుకే 2023 ఆర్థిక సంవత్సరంలో కార్మిక శాఖ 3,78,000కు పైగా పోస్టులకు అనుమతి ఇచ్చింది. వాటిలో ఎక్కువ పోస్టులు వచ్చిన రాష్ట్రాల్లో మా జార్జియా ఒకటి. బ్లూబెర్రీ, ఉల్లి, పీచ్ అన్నీ చేత్తో కోసేవే కదా. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మెక్సికో వాళ్లు.

ఇక దరఖాస్తు. మా కోత ఏప్రిల్ 10న మొదలవుతుందనుకోండి. పని మొదలయ్యే తేదీకి 75 రోజుల నుంచి 60 రోజుల ముందులోపు, అంటే జనవరి 25కీ ఫిబ్రవరి 9కీ మధ్య, జాబ్ ఆర్డర్ వేయాలి. దాన్ని 790ఏ ఫారం అంటారు, ఫ్లాగ్ అనే ప్రభుత్వ పోర్టల్లో వేస్తే రాష్ట్ర కార్మిక శాఖకు వెళ్తుంది. పని ఏంటి, వారానికి ఎన్ని గంటలు, కూలి ఎంత, ఇల్లు ఎక్కడ, గంటకు ఇన్ని బకెట్లు కోయాలన్న షరతు పెడితే అది కూడా, అన్నీ అందులోనే రాయాలి. అందులో లేని షరతు తర్వాత ఏదీ పెట్టడానికి కుదరదు. 45 రోజుల ముందు, అంటే ఫిబ్రవరి 24 లోపు, 9142ఏ అనే అసలు దరఖాస్తు సమాఖ్య కార్మిక శాఖకు వెళ్లాలి. ఏడు రోజుల్లో అంగీకారమో లోపాల నోటీసో వస్తుంది. లోపాలంటే సమాధానానికి ఐదు పనిదినాలే. అంతా సవ్యంగా ఉంటే 30 రోజుల ముందు కార్మిక శాఖ అనుమతి పత్రం, అంటే సర్టిఫికేషన్, చేతికొస్తుంది, దాంతో ఐ-129 అనే ఇంకో దరఖాస్తు వేస్తే వలస శాఖ ఆమోదిస్తుంది, ఆ తర్వాత కూలీలు డీఎస్-160 అనే వీసా ఫారం నింపి కాన్సులేట్‌కు వెళ్తారు, మెక్సికో వాళ్లలో ఎక్కువమంది మాంటెరేకే వెళ్తారు. అక్కడి నుంచి బస్సులో లారెడో దగ్గర సరిహద్దు దాటి మా దగ్గరికి.

రాసుకుంటే ఒక పేరాలో అయిపోయింది. నిజంగా కష్టమంతా ఆ మొదటి తేదీ దగ్గరే. జనవరి చివర మా హైబుష్ చెట్లు, అంటే ముందుగా కాసే బ్లూబెర్రీ రకం, పూతకు వస్తుంటాయి, అప్పుడే కాయ ఎప్పుడు పండుతుందో, ఎంతమంది కావాలో ప్రభుత్వానికి రాసివ్వాలి. మార్చిలో మంచు పడిందా, లెక్కంతా తారుమారు. 2017 మార్చి మంచుకు జార్జియా బ్లూబెర్రీ ఎంత పోయిందో ఇక్కడి రైతులు ఇప్పటికీ చెప్తుంటారు. మా తోటలోనూ ఒక మార్చిలో రాత్రంతా స్ప్రింక్లర్లు తిప్పినా పిందెలు చాలావరకు నల్లబడ్డాయి. మిగిలిన కాయ రెండు వారాలు ఆలస్యంగా వచ్చింది, కూలీలు మాత్రం ఒప్పందం తేదీకే దిగారు. వాళ్లు కూర్చున్న రోజులకూ మేం లెక్క కట్టాలి, అది న్యాయమే. ఇల్లు వదిలి అంత దూరం వచ్చిన మనిషికి వాతావరణం బాగోలేదని చెప్పి చేతులు దులుపుకుంటామా?

ఆ లెక్కనే ఇక్కడ మూడొంతుల హామీ అంటారు, అంటే నాలుగింట మూడొంతులు. ఒప్పందంలో రాసిన మొత్తం గంటల్లో కనీసం 75 శాతానికి పని చూపించాలి, లేదా డబ్బు ఇచ్చేయాలి. వారానికి 35 గంటలకు తక్కువ రాయడానికి లేదు. పది వారాల కోత అంటే 350 గంటలు, అందులో మూడొంతులు 262.5 గంటలు. 2025లో హెచ్-2ఏ కూలీలకు కార్మిక శాఖ మా రాష్ట్రానికి పెట్టిన కనీస గంట రేటు 16.08 డాలర్లు, అంటే మనిషికి 4,221 డాలర్లు, ముప్ఫై మందికి 1,26,630. ఒక్క కాయ అమ్మకపోయినా ఇంత డబ్బుకు మీరు పూచీ. తుపానో మంచో పంటను పూర్తిగా తుడిచేస్తే ఒప్పందం ముందే ముగించమని అడిగే దారి ఉంది, అప్పుడు కూడా గడిచిన కాలానికి హామీ చెల్లించాలి, వేరే పొలంలో పని ఇప్పించే ప్రయత్నం చేయాలి. జనవరిలో ఈ అంకె రాసుకుని గోడ మీద పెట్టుకుంటాను, ఎంతమందిని అడగాలన్న ఆశ దానంతట అదే తగ్గుతుంది. అందరినీ ఒకే తేదీకి పిలవకుండా, ముందు హైబుష్ కోతకు చిన్న దరఖాస్తు, తర్వాత ర్యాబిట్‌ఐ రకాలకు వేరే తేదీతో రెండోది వేయడం మొదలుపెట్టాక టెన్షన్ చాలా తగ్గింది. ఫీజు రెండుసార్లు పడుతుంది, అయినా మేలే.

రేటు గురించి ఇంకో మాట. 2023లో అది 13.67, 2024లో 14.68, 2025లో 16.08. కూలి ఇలా పెరుగుతుంటే, అదే సీజన్లో మెక్సికో కాయ కూడా మార్కెట్‌కు వచ్చి కాయ ధర పడేస్తుంది. 2025 అక్టోబర్‌లో కార్మిక శాఖ రేటు కట్టే పద్ధతే మార్చేసింది, నైపుణ్యాన్ని బట్టి రెండు స్థాయిలు పెట్టి, ఇల్లు ఉచితంగా ఇస్తున్నందుకు విదేశీ కూలీల రేటులో కొంత తగ్గించింది. చాలామంది రైతులు సంతోషించారు, నాకు మాత్రం మనసొప్పలేదు. మా దగ్గరికి ఏటా తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు, నిరుటి కన్నా ఈ ఏడు తక్కువ అని వాళ్ల ముఖం మీద చెప్పలేం, బావగారిదీ అదే మాట. మేం పాత రేటే రాస్తున్నాం, చట్టం చెప్పేది కనీస రేటే కాబట్టి ఎక్కువ ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఇంకొకటి గుర్తుంచుకోండి, అదే పని చేసే మీ స్థానిక కూలీలకు హెచ్-2ఏ వాళ్ల కన్నా తక్కువ ఇవ్వకూడదు. ఒప్పందంలో సగం కాలం గడిచేదాకా అర్హత ఉన్న స్థానికులు ఎవరు వచ్చి అడిగినా పనిలో పెట్టుకోవాలి. మా దగ్గరికి అలా వచ్చినవాళ్లు తక్కువ, ఆగినవాళ్లు ఇంకా తక్కువ, కానీ ప్రతి ఒక్కరి పేరు, ఏం మాట్లాడాం, ఎందుకు మానేశారు అన్నీ రాసి ఉంచుతాను. ఆడిట్ వస్తే మనల్ని కాపాడేది ఆ రికార్డే.

ప్రభుత్వ ఫీజులు చూసి ఇంతేనా అనుకుంటారు. సర్టిఫికేషన్‌కు వంద డాలర్లు, మనిషికి పది చొప్పున అదనం, ఎంతమందైనా వెయ్యి దాటదు. 2024 ఏప్రిల్ నుంచి కూలీల పేర్లు రాయకుండా వేసే ఐ-129కు మాలాంటి చిన్న రైతుకు 460, దాని మీద ఆశ్రయ కార్యక్రమం పేరుతో 300 అదనపు ఫీజు. వీసా ఒక్కొక్కరికి 205. ముప్ఫై మందికి కలిపితే 7,310 డాలర్లు. ఇది అసలు ఖర్చులో చిన్న ముక్క. పెద్ద ఖర్చు ఇళ్లది, బస్సులది. వాళ్ల ఊరి నుంచి మన తోట దాకా ప్రయాణం, దారిలో తిండి, వీసా ఖర్చు, తిరుగు ప్రయాణం అన్నీ మనవే. రాక ఖర్చు ఒప్పందం సగమయ్యాక ఇవ్వొచ్చని నిబంధనలో ఉంటుంది, కానీ జార్జియా, ఫ్లోరిడా, అలబామాలకు వర్తించే అప్పీల్ కోర్టు 2002లో అరియాగా కేసులో ఇచ్చిన తీర్పు ప్రకారం, ఆ ఖర్చు తీసేస్తే మొదటి వారం జీతం కనీస వేతనం కన్నా ఎంత తగ్గుతుందో ఆ మేరకు మొదటి వారంలోనే ఇవ్వాలి. మేం మొత్తం మొదటి జీతంతోనే ఇచ్చేస్తాం, అప్పు చేసి బయల్దేరినవాడికి ఐదు వారాల తర్వాత ఇచ్చే డబ్బు ఎందుకు? ఊరట ఏంటంటే వీళ్ల జీతం మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఇద్దరికీ ఉండవు, యజమాని వైపు 7.65 శాతం మిగులుతుంది.

ఇళ్ల దగ్గర మాత్రం ఎవరూ పొదుపు చేయొద్దు. పడక గదిలో మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, పది మందికి ఒక షవర్, పదిహేను మందికి ఒక మరుగుదొడ్డి, మంచాల మధ్య మూడడుగులు, కిటికీలకు దోమ తెరలు, తాగునీటి పరీక్ష. తనిఖీ పాసైతేనే సర్టిఫికేషన్. మూడు పూటలా భోజనం పెట్టాలి, లేదా వాళ్లే వండుకోవడానికి వంటగది ఉచితంగా ఇవ్వాలి, వండుకోవడమే వాళ్లకూ ఇష్టం. ఒక ఏడు ఇన్‌స్పెక్టర్ వస్తానన్న రోజుకు రాలేదు, మళ్లీ తేదీ దొరికేసరికి సర్టిఫికేషన్ వెనక్కి పోయింది, కోతలో మొదటి వారం అంటే ధర బాగా పలికే వారం, సరిపడా చేతులు లేక పోయింది. అందుకని ఇప్పుడు తనిఖీకి డిసెంబర్‌లోనే అడుగుతాను. ఏసీ పెట్టాలని సమాఖ్య నిబంధనల్లో ఎక్కడా లేదు. జూన్‌లో దక్షిణ జార్జియా ఉక్క తెలిసినవాళ్లు ఏసీ లేకుండా మనుషుల్ని పడుకోబెట్టరు.

ఏజెంట్ కావాలా వద్దా? మొదటి ఏడాది పెట్టుకోండి, ఫారాలు వాళ్లు నింపినా ప్రతి లైను మీరు చదవండి, సంతకం మీదే కాబట్టి బాధ్యతా మీదే. రిక్రూటర్ విషయం వేరు, ఇక్కడ కటువుగా చెప్తాను. మేం మొదట్లో మెక్సికోలో ఒక రిక్రూటర్ ద్వారా మనుషుల్ని తీసుకున్నాం, డబ్బు వసూలు చేయకూడదని ఒప్పందంలో రాసి మరీ. వచ్చాక ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి అడిగితే కొందరు చెప్పారు, పేరు జాబితాలో వేయడానికి డబ్బు కట్టించుకున్నాడట, భూమి తాకట్టు పెట్టినవాడు కూడా ఉన్నాడు. ఆ డబ్బు మేం వాళ్లకు ఇచ్చేశాం, అతన్ని తీసేసి, విషయం రాసి పంపాం. ఇప్పుడు పాత కూలీలే తమ ఊరివాళ్లను చెప్తారు, నేనే ఫోన్లో మాట్లాడతాను. మన దగ్గర మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి గుంటూరు వచ్చే ముఠాల్లో మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టేసుకోవడం చూసినవాళ్లకు ఇది కొత్త కాదు, ఇక్కడ పాస్‌పోర్టు కూడా తోడవుతుంది. 2021 నవంబర్‌లో ఇదే దక్షిణ జార్జియాలో 24 మంది మీద సమాఖ్య అభియోగాలు బయటపడ్డాయి. హెచ్-2ఏ మీద తెచ్చినవాళ్ల కాగితాలు లాక్కుని, బెదిరించి ఉల్లి తవ్వించారని అందులో ఉంది. ఆ పొలాలున్న ఊళ్లు మాకు పరాయివి కావు. కూలీల పాస్‌పోర్టు మీ బీరువాలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

పోర్టల్ సంగతి రెండు ముక్కల్లో: ఫ్లాగ్ పర్వాలేదు, నిరుటి దరఖాస్తు నుంచి వివరాలు తెచ్చుకోవచ్చు, కానీ పాత తేదీలు, పాత రేటు అలాగే ఉండిపోకుండా చూసుకోవాలి. ఎవరైనా చెప్పకుండా వెళ్లిపోతే, లేదా పనికి రావడం మానేసి ఐదు పనిదినాలు దాటితే, రెండు పనిదినాల్లో వలస శాఖకు తెలియజేయాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

ఎవరికి సరిపోతుంది అంటే, చేత్తో కోసే పంట, కనీసం రెండు నెలల పని, సొంతంగానో అద్దెకో తనిఖీ పాసయ్యే ఇళ్లు ఉన్నవాళ్లకు. అయిదారు ఎకరాలు కొని వారాంతాల్లో చూసుకుందామనుకునే వాళ్లకు వద్దు, వాళ్లకు యూ-పిక్ పెట్టడమే నయం, జనం వచ్చి వాళ్ల కాయ వాళ్లే కోసుకుపోతారు.

ఇక నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న: మన ఊరి నుంచి మనవాళ్లను తెచ్చుకోవచ్చా? ఇదివరకు హెచ్-2ఏకి అర్హత ఉన్న దేశాల జాబితా ఒకటి ఉండేది, 2025 జనవరి 17న అమల్లోకి వచ్చిన నిబంధనతో దాన్ని ఎత్తేశారు, కాబట్టి కాగితం మీద ఇప్పుడు మనవాళ్లూ అర్హులే. ఆచరణలో ఊరి నుంచి విమాన ఖర్చు రానూపోనూ యజమానిదే, రెండు మూడు నెలల కోతకు అంత పెట్టి భారతదేశం నుంచి మనుషుల్ని తెచ్చే రైతు నాకు ఇంతవరకు తగల్లేదు. ఈ మార్పు చూపించి అక్కడ ఎవరైనా 'అమెరికా పొలం వీసా, ఇన్ని లక్షలు' అంటే మీవాళ్లకు గట్టిగా చెప్పండి: హెచ్-2ఏలో ఉద్యోగం ఇప్పించినందుకు కూలీ దగ్గర ఒక్క రూపాయి తీసుకోవడం కూడా చట్ట విరుద్ధం, అది యజమాని అయినా, ఏజెంటైనా, మధ్యలో ఉన్న బంధువైనా. కార్మిక శాఖ జాబ్ ఆర్డర్లను సీజనల్‌జాబ్స్ డాట్ డీవోఎల్ డాట్ గవ్‌లో అందరికీ కనిపించేలా పెడుతుంది. యజమాని పేరు, పొలం ఉన్న ఊరు, గంట రేటు అక్కడ ఉంటాయి. డబ్బు అడిగినవాడు చెప్పే పొలం అందులో ఉందో లేదో ముందు చూడమనండి, ఉంటే నేరుగా ఆ యజమానికే ఫోన్ చేయమనండి.