లండన్–న్యూయార్క్: దూరం ఒకటే, గంటలు వేరు

లండన్ హీత్రో నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే విమానాశ్రయానికి దూరం సుమారు 5,550 కిలోమీటర్లు. అటు వెళ్లడానికి దాదాపు ఎనిమిది గంటలు పడితే, ఇటు రావడానికి ఆరున్నర, ఏడు గంటలు చాలు. టికెట్ కొనేటప్పుడు చాలామంది ధర చూసి ఊరుకుంటారు. నన్నడిగితే, ఏ పూట ఎక్కి ఏ పూట దిగుతామన్నది అంతకంటే ముఖ్యం.

తేడా అంతా జెట్ స్ట్రీమ్‌ది. దాదాపు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే ఈ గాలి చలికాలంలో మరీ జోరుగా ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలులు తోడై ఒక బోయింగ్ 747 న్యూయార్క్ నుంచి లండన్‌కు ఐదు గంటల లోపే వచ్చేసింది. అందుకే అట్లాంటిక్ మీద విమానాల దారులు గాలిని బట్టి ఏరోజుకారోజు మారుతుంటాయి. వెళ్లేటప్పుడు మా విమానం ఎదురుగాలి తప్పించుకోవడానికి బాగా ఉత్తరానికి, గ్రీన్‌లాండ్ కొస దగ్గరిదాకా పోయింది. సీటు ముందు స్క్రీన్‌లో వేగం గంటకు 800 కిలోమీటర్ల దగ్గరే ఆడుతోంది. తిరుగు ప్రయాణంలో అదే 1,100 దాటింది. ఆ అంకె పెరుగుతుంటే సినిమా పక్కనపెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాను.

వెళ్లడానికి ఉదయం విమానమే హాయి. పదకొండుకు బయల్దేరితే అక్కడి టైము ప్రకారం మధ్యాహ్నం రెండింటికి దిగుతాం. ఇమిగ్రేషన్ క్యూ దాటి ఊళ్లోకి చేరేసరికి హోటల్ గది సిద్ధంగా ఉంటుంది.

చిక్కల్లా తిరిగి వచ్చేటప్పుడే. ఎక్కువ విమానాలు రాత్రివే. ఎక్కగానే భోజనం, దిగబోయే ముందు టిఫిను, మధ్యలో లైట్లు ఆర్పేది నాలుగు గంటలు కూడా ఉండదు. కళ్లు మండుతూ పొద్దున్నే లండన్‌లో దిగితే, హోటల్లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వలేమన్నారు. సామాను రిసెప్షన్‌లో పడేసి ఊరంతా తిరగాల్సి వచ్చింది. ఉదయం ఎనిమిది ప్రాంతంలో న్యూయార్క్‌లో బయల్దేరే విమానాలు తక్కువే గానీ ఉన్నాయి. రాత్రి ఎనిమిదికల్లా లండన్‌లో దిగి, తిని పడుకోవచ్చు. పగలంతా పోతుందన్నది నిజమే. అయినా మర్నాడు ఒంట్లో ఓపిక ఉంటుంది, నా ఓటు దానికే.

ఊళ్లోకి చేరడంలో హీత్రోదే పైచేయి. హీత్రో ఎక్స్‌ప్రెస్‌లో లండన్ పాడింగ్టన్ స్టేషన్‌కు పావుగంట. ఎలిజబెత్ లైన్ రైలైతే అరగంట పైన పడుతుంది గానీ చవక, రైలు మారకుండా ఊరి నడిబొడ్డుకు పోతుంది. జేఎఫ్‌కేలో విమానాశ్రయం రైలు ఎయిర్‌ట్రెయిన్ ఎక్కి జమైకా స్టేషన్‌లో దిగి, లాంగ్ ఐలాండ్ రైలు పట్టుకోవాలి. పెట్టెలు ఎక్కువుంటే ట్యాక్సీయే నయం, కాకపోతే సాయంత్రం ట్రాఫిక్‌లో గంటన్నరకు సిద్ధపడాలి.

మార్చిలో వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. రెండు ఊళ్ల మధ్య మామూలుగా ఐదు గంటల తేడా. వేసవి కోసం గడియారాలు గంట ముందుకు జరపడం అమెరికాలో బ్రిటన్ కంటే ముందే జరుగుతుంది కాబట్టి ఆ నెలలో రెండు మూడు వారాలు తేడా నాలుగు గంటలే. ఫోన్ తనంతట తానే సరిచేసుకుంటుంది, చేతి గడియారం నమ్ముకున్నవాళ్లు మాత్రం జాగ్రత్త.