ఇంటి ఆక్సిజన్: సిలిండరా, కాన్సంట్రేటరా?

సీఓపీడీ (ఊపిరాడనివ్వని దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు) ముదిరిన నాన్నగారికి డాక్టరు రాసిచ్చిన చీటీలో ఉన్నది ఒక్క వాక్యం: ఆక్సిజన్ నిమిషానికి 2 లీటర్ల చొప్పున, రోజుకు కనీసం 15 గంటలు.

ముందు సిలిండర్ వైపే మొగ్గాం. అద్దె తక్కువ, చప్పుడు లేదు, కరెంటుతో పని లేదు. కాగితం మీద లెక్క వేశాక ఉత్సాహం చల్లారింది. 10 లీటర్ల బి టైపు సిలిండర్‌లో పట్టేది సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్. పన్నెండున్నర గంటలకు ఖాళీ! రోజూ నింపించి, రెండంతస్తులు మోసుకొచ్చే మనిషి ఎవరు?

కాన్సంట్రేటర్ గదిలోని గాలి నుంచే నైట్రోజన్‌ను వేరు చేసి ఆక్సిజన్ ఇస్తుంది, నింపే బెడద లేదు. కొనాలంటే మాత్రం జేబుకు భారమే. రాత్రంతా గుర్రుమంటుంది. కరెంటు పోయిందా, ఆగిపోతుంది.

చివరికి కాన్సంట్రేటరే తెచ్చాం, కరెంటు కోతల కోసం పక్కన ఒక సిలిండర్ ఉంచాం. వారానికోసారి ఫిల్టర్ కడగడం తమ్ముడి పని, సిలిండర్ గేజ్ చూడటం నాది. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటరు రీడింగులు అమ్మ పాలలెక్కల పుస్తకంలోనే రాస్తుంది. నాన్నగారికి 88–92 మధ్య ఉంటే చాలన్నారు డాక్టరు. 98 చూడాలన్న ఆత్రంతో ఎవరూ ఫ్లో పెంచకూడదు. ఈ జబ్బులో ఆక్సిజన్ మితిమీరితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మనిషి మగతలోకి జారిపోవచ్చు. ఈ మాట చుట్టాలకు నచ్చజెప్పడమే కష్టమైంది.

ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు కాబట్టి, అమ్మ దీపం ఇప్పుడు వంటింటి అవతలి గూట్లోకి మారింది.