సీటాక్‌లో ఉందామా, రెడ్‌మండ్‌లోనా?

సియాటెల్‌కు కొత్తగా వెళ్లే మనవాళ్లు కళ్లు మూసుకుని రెడ్‌మండ్ వైపే ఇల్లు వెతుకుతారు. మైక్రోసాఫ్ట్ అక్కడే ఉంది, తెలుగు పలకరింపుకూ కొదవ లేదు. అద్దె మాత్రం చుక్కలు చూపిస్తుంది.

సీటాక్ దారి వేరు. సియాటెల్ ఎయిర్‌పోర్టు చుట్టూ అల్లుకున్న ఈ ఊరు 1990లో నగరమైంది. పక్కింట్లో సోమాలీలు ఉండొచ్చు, ఎదురింట్లో ఇథియోపియావాళ్లో మెక్సికన్లో ఉండొచ్చు. చాలామందికి విమానాశ్రయం, హోటళ్లే బతుకుతెరువు. ఆ పనివాళ్లకు గంటకు 15 డాలర్ల కనీస వేతనం ఇవ్వాలని 2013లోనే ఓటేసిన ఊరిది. గెలిచింది 77 ఓట్ల తేడాతో! మన పంచాయతీ ఎన్నికల్లాగే అన్నమాట.

ఆఫీసు రెడ్‌మండ్‌లో అయితే సీటాక్ జోలికి పోకండి, 405 హైవే ట్రాఫిక్‌లోనే సగం ఓపిక పోతుంది. సియాటెల్ డౌన్‌టౌన్‌లో అయితే నా ఓటు సీటాక్‌కే. లైట్ రైల్లో సుమారు 40 నిమిషాలు, పార్కింగ్ టెన్షన్ లేదు.

ఇక మోత. రన్‌వేలు మూడూ ఉత్తర దక్షిణాలుగా ఉన్నాయి. వాటికి సూటిగా ఉన్న ఇళ్లలో విమానం పోయేదాకా ఫోన్లో మాట ఆపాల్సిందే. అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి రాత్రిపూట వెళ్లి వినండి.