కెర్బరోస్ టికెట్లకు కే5స్టార్ట్: ఏళ్ల వాడకం తర్వాత

కెర్బరోస్ అంటే నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో నిరూపించే పద్ధతి, టికెట్ అంటే అందులో గడువున్న గుర్తింపు చీటీ, ఆ చీటీని తాజాగా ఉంచే చిన్న ప్రోగ్రామే కే5స్టార్ట్. హడూప్ క్లస్టర్‌ను (పెద్ద డేటాను పంచుకుని నడిపే సర్వర్ల గుంపు) చూసే నేజియోస్ (నిఘా సాఫ్ట్‌వేర్) చెక్కులకు ఆ టికెట్ గడువు తీరితే, క్లస్టర్ నిక్షేపంగా ఉన్నా బోర్డంతా ఎర్రబడుతుంది. బెంగళూరులో నైట్ షిఫ్టు చేసే మనవాళ్లు చాలామంది దీనికి వేసే మందు క్రాన్‌లో (వేళకు పనులు నడిపేది) కేఇనిట్, అంటే టికెట్ తెచ్చే కమాండ్. టికెట్ 10 గంటలు ఉంటుంది కదా అని 8 గంటలకోసారి పెడతారు. ఆ ఒక్కసారి కేడీసీ (టికెట్లిచ్చే సర్వర్) పలక్కపోతే మిగిలేది రెండు గంటలే, ఆపైన ఆరు గంటలు అలారమ్‌లే. కేఇనిట్‌కు పెద్ద ఆర్ ఇచ్చి ఉన్న టికెట్‌నే రెన్యూ చేస్తే ఇంకో తంటా: యాక్టివ్ డైరెక్టరీలో (కేడీసీగా పనిచేసే మైక్రోసాఫ్ట్ సర్వర్) రెన్యూ గడువు మామూలుగా 7 రోజులు. వారానికోసారి పడిపోతోందంటే ముందు అక్కడ చూడండి.

కే5స్టార్ట్ కీట్యాబ్‌తో (పాస్‌వర్డ్‌కు బదులు కీ దాచిన ఫైల్) ఎప్పటికప్పుడు కొత్త టికెట్టే తెస్తుంది, కాబట్టి ఆ 7 రోజుల గొడవ లేదు. అయితే పెద్ద కే ఆప్షన్‌కు 10 ఇచ్చి వదిలేస్తే చాలదు. పది నిమిషాలకోసారి లేస్తుంది గానీ, గడువు ముంచుకొచ్చేదాకా టికెట్ మార్చదు. సరిగ్గా అప్పుడే కేడీసీ రీబూట్ అవుతుంటే మళ్లీ పాత కథే. చిన్న ఏ కూడా చేర్చండి. లేచిన ప్రతిసారీ కొత్తది తెస్తుంది, చేతిలో ఎప్పుడూ తొమ్మిది గంటలకు పైగా ఉంటుంది. గంటకోసారి లేపినా సరిపోతుంది.

టికెట్ దాచే క్యాష్ ఫైల్ విడిగా పెట్టి, చెక్కులకు కేఆర్‌బీ5సీసీనేమ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో అదే దారి ఇవ్వాలి. /టీఎంపీలోని డిఫాల్ట్ ఫైల్ వాడితే, అదే యూజర్‌తో ఇంకో స్క్రిప్ట్ కేడిస్ట్రాయ్ (టికెట్ చెరిపేసే కమాండ్) చేసిన రోజు మీ చెక్కులూ పోతాయి. టికెట్‌ను ఫైల్‌లో కాక లినక్స్ కెర్నెల్‌లో దాచే కీరింగ్ క్యాష్ వద్దు, హడూప్ నడిచే జావా దాన్ని చదవదు.

నాకు నచ్చనిది దీని మౌనం. చిన్న బీతో బ్యాక్‌గ్రౌండ్‌కు పంపితే తప్పులు కంటపడవు. పెద్ద ఎల్ ఇస్తే సిస్‌లాగ్‌కు (సిస్టమ్ లాగ్) వెళ్తాయి. లినక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ కింద బీ లేకుండా నడపడం ఇంకా మేలు. ఎవరైనా కేటీయాడ్ (కొత్త కీట్యాబ్ తీసే కమాండ్) కొట్టి కీ మార్చేశారంటే పాత కీట్యాబ్ చెల్లదు, కానీ ఉన్న టికెట్ గడువుదాకా నడుస్తూనే ఉంటుంది. లాగ్ చూస్తేనే ముందుగా తెలుస్తుంది.

టికెట్ చెల్లుతోందో లేదో చెప్పే కేలిస్ట్ కమాండ్‌ను చిన్న ఎస్‌తో విడి చెక్‌గా పెట్టి, మిగతా హడూప్ చెక్కులను దానిమీద డిపెండెన్సీగా కట్టండి. అప్పుడు నలభై పేజర్ మోతలకు బదులు ఒక్కటే మోగుతుంది. టికెట్ లేకపోతే స్క్రిప్ట్ 2 కాదు, 3 తిరిగివ్వాలి. నేజియోస్ లెక్కలో 2 అంటే క్రిటికల్, 3 అంటే అన్‌నోన్. కేలిస్ట్ బాగుందన్నా చెక్ విఫలమైతే గడియారం చూడండి: సర్వర్ల మధ్య మామూలుగా 5 నిమిషాలకు మించి తేడా వస్తే కెర్బరోస్ ఒప్పుకోదు.